ఎవరెక్కువ అలిసిపోతే వాళ్ళ మాట

ఆఫీసు, మూడో అంతస్తు
వానలు మొదలైన వారం

వదినకి,

నిన్న ఫోన్లో నువ్వు "ఊఁ" అన్నావు, నేను "ఆఁ" అన్నాను. తర్వాత ఇద్దరం ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోయాం. అన్నయ్య చెప్పింది నిజమే, వ్యాపారం సంగతులు మనం ఫోన్లో మాట్లాడుకోకూడదు. ఉత్తరంలో అయితే నా మాటకి నువ్వు అడ్డం రాలేవు. పైగా నీ నిట్టూర్పులు వినపడవు. ఆ నిట్టూర్పులతోనే కదా ఇన్నేళ్ళూ నన్ను ఓడించావు!

ఇక్కడ నా పని ఏంటో చెప్తే నవ్వుతావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ వ్యాపారాలకి పురుడు పోస్తుంటాను. ఆడిటరు గారు అద్దాల గదిలో కూచుంటారు, బయట బల్ల దగ్గర నేను. వచ్చినవాళ్ళని నేను అడగాల్సిన మొదటి ప్రశ్న, "మీరొక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా?" ఒక్కరే అయితే సొంత వ్యాపారం, పల్చటి ఫైలు. ఇద్దరు ముగ్గురైతే భాగస్వామ్యం, కొంచెం లావు ఫైలు. డబ్బూ భయమూ రెండూ దండిగా ఉన్నవాళ్ళయితే కంపెనీ. దాన్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఆ ప్రశ్న అడిగినప్పుడు మనుషుల మొహాలు చూడాలి వదినా. మొన్న ఒకాయన పక్కనే కూచున్న తమ్ముణ్ణి ఒకసారి చూసి, నాకేసి తిరిగి "ఒక్కణ్ణే" అన్నాడు. ఆ తమ్ముడు మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు కడిగి మరీ బోర్లించాడు.

నేను అద్దెకుంటున్న గదికి ఒక కిటికీ ఉంది, ఆ కిటికీకి ఎదురుగా ఒక గోడ ఉంది. కుర్చీ ప్లాస్టిక్‌ది. కూచున్నప్పుడల్లా నీకు చెప్పకుండా ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది. మొదటి వారం మంచం మీదే కూచున్నాను. తర్వాత నడుము ఒప్పుకోలేదు.

అసలు సంగతి. ఆ ఫర్నిచరు షోరూమాయన మళ్ళీ ఫోన్ చేశాడు. నీకూ చేసే ఉంటాడు, నువ్వు చెప్పలేదు. మన పేము కుర్చీల కొట్టుని ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ చేద్దామంటాడు. వాటాల్లో సగానికి పైగా ఆయనవి, మిగిలినవి మనిద్దరివి. నువ్వు డైరెక్టరువి, నెలనెలా జీతం. నష్టం వస్తే కంపెనీ దగ్గరే ఆగిపోతుంది, మన గుమ్మం తొక్కదు. మరి ఇప్పుడో? భాగస్వామ్యం అని రాసుకున్నాం కాబట్టి కొట్టుకి ఏం వచ్చినా మనిద్దరి మెడకీ చుట్టుకుంటుంది. నువ్వు సంతకం పెడితే నేను పెట్టినట్టే, నేను ఎంత దూరంలో ఉన్నా సరే.

ఒప్పుకుందాం అన్నది నా మాట. ఎందుకంటే నేను అలిసిపోయాను. మన ఒప్పందంలో ఏడో షరతు నువ్వు మర్చిపోయి ఉండవు: ఇద్దరికీ మాట కలవనప్పుడు ఎవరెక్కువ అలిసిపోయి ఉంటే వాళ్ళ మాటే చెల్లాలి. టైపు చేసినాయన చేతులాపి, "ఇది కొలిచేదెట్లాగమ్మా?" అని నవ్వితే, "చూస్తే తెలుస్తుంది లెండి" అన్నావు. ఇప్పుడు నువ్వు నన్ను చూడలేవు కాబట్టి చెప్తున్నాను. బస్సులో నిలబడే నిద్రపోతున్నాను. దిగాల్సిన చోటు దాటాక మెలకువొచ్చి వెనక్కి నడుస్తున్నాను. అన్నం కలుపుకుని, తినడం మర్చిపోయి, కలిపిన ముద్ద వంక చూస్తూ కూచుంటున్నాను. ఇంతకంటే అలిసిపోవడం మనిషికి చాతకాదు. కాబట్టి ఈసారి నేను గెలిచినట్టే.

అన్నయ్య ఉత్తరం అందింది. "మీ వదిన బాగున్నది. ఆమె ఇంకేమీ చెప్పలేదు." అంతే. కోర్టులో స్టెనో ఉద్యోగం చేసీ చేసీ, చెప్పింది చెప్పినట్టు దించడం తప్ప ఆయనకి ఇంకో రాత రాకుండా పోయింది.

నీ ఆడపడుచు

*

కొట్టు, వెనక వరండా
పేము నానబెట్టిన రోజు

పిచ్చుకా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "నిలబడి నిద్రపోతే పడిపోయే ప్రమాదం ఉంది" అన్నారు. కాసేపాగి, "కడ్డీ పట్టుకోమని చెప్పు" అన్నారు. చెప్పాను.

నువ్వు గెలవలేదు. నా సంగతి విను.

నువ్వు వెళ్ళాక సీట్లు అల్లేది నేనొక్కదాన్నే. ఇదివరకు నేను పైన, నువ్వు కింద. పైనుంచి బెజ్జంలోకి నేను పేము దూరిస్తే, నువ్వు కింద అందుకుని పక్క బెజ్జంలోంచి పైకి పంపేదానివి. ఒకళ్ళు మొదలుపెట్టిన మాట ఇంకొకళ్ళు పూర్తి చేసినట్టు ఉండేది. ఇప్పుడు నేనే దూర్చాలి, నేనే వంగాలి, నేనే కింద తడుముకోవాలి, నేనే లాగాలి, మళ్ళీ నేనే లేవాలి. వంగీ లేచీ విసిగిపోయి కుర్చీ కింద అద్దం పెట్టుకున్నాను. నీ గదిలోదే, నువ్వు తల దువ్వుకునేది. అందులో చూసుకుంటూ కింద చెయ్యి ఆడిస్తాను. అద్దంలో కుడి ఎడమైపోతుందని ముందు తట్టలేదు. మొదటి కుర్చీ సగం దాకా అల్లాక తెలిసింది. మొత్తం విప్పేశాను. దానికి తోడు అందులో నా మొహం కనపడుతూ ఉంటుంది. ఒక సీటు పూర్తయ్యేసరికి నా మొహం చూసి నాకే విసుగొస్తోంది. మీ అన్నయ్య ఎట్లా భరిస్తున్నారో.

అలసట అంటే అది. నువ్వు బస్సులో నిద్రైనా పోతున్నావు.

షోరూమాయన వచ్చిన మాట నిజమే. చెప్పాల్సినంత విశేషం లేక చెప్పలేదు. గుమ్మం పక్కన ఉన్న మన పాత వాలుకుర్చీలో కూచున్నాడు. కూచున్నవాడు లేవడే! కళ్ళు మూసుకుని, "ఎంత హాయిగా ఉందమ్మా" అన్నాడు. లేచాక, "ఇదే అల్లిక ప్లాస్టిక్ వైరుతో మిషను మీద కొట్టిస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. "కూచున్నవాళ్ళకి తెలుస్తుంది" అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు. డైరెక్టరంటే ఏం చెయ్యాలండీ అని అడిగాను. "మీరేం చెయ్యక్కర్లేదమ్మా, సంతకాలు పెడితే చాలు" అన్నాడు. సంతకాలు పెట్టడానికి ఈ చేతులే కావాలా?

ఆయన వెళ్ళాక మీ అన్నయ్య, "నువ్వు ఆయనకి కాఫీ ఇవ్వలేదు" అన్నారు. తప్పు పట్టడం కాదు, నమోదు చేయడం.

కాబట్టి కంపెనీ వద్దు. ఏడో షరతు నా వైపే ఉంది. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకో.

వదిన

*

ఆఫీసు, అదే బల్ల
ఎండా వానా కలిసొస్తున్న రోజులు

వదినా,

అద్దం సంగతి చదివి నవ్వాను. తర్వాత నవ్వినందుకు ఏదోలా అనిపించింది. తర్వాత నీ ఎత్తు అర్థమయ్యింది: ఓటు కోసం ఆ అద్దాన్ని నా మీదికి విసిరావు. ఒప్పుకోను.

ఈ ఆఫీసులో కూచుని ఒక విషయం కనిపెట్టాను. వ్యాపారాల్లో ఎన్ని రకాలున్నాయంటే, మనుషులు ఒకరినొకరు ఎంతవరకు నమ్ముతారో అన్ని రకాలున్నాయి. సొంత వ్యాపారం పెట్టేవాడు ఎవరినీ నమ్మడు. వాడికి జ్వరమొస్తే కొట్టుకీ జ్వరమే, వాడు పోతే కొట్టూ పోయినట్టే. సహకార సంఘమని ఇంకోటుంది, అందులో ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు. నాకు అది నచ్చింది, కానీ దానికి చాలామంది మనుషులు కావాలి. మనకెక్కడున్నారు? కంపెనీ అన్నిటికంటే విచిత్రం. అది తనే ఒక మనిషట! చట్టం అట్లాగే అంటుంది. దానికి సొంత పేరుంటుంది, సొంత అప్పులుంటాయి, దాన్ని పెట్టినవాళ్ళు చచ్చిపోయినా అది బతికే ఉంటుంది. అది అలిసిపోదు వదినా. ఆ ఒక్క మాటకే నాకు దాని మీద మోజు పుట్టింది. మన భాగస్వామ్యంలో ఉన్నవి రెండే ప్రాణాలు, ఆ రెండూ ఎప్పుడూ ఆయాసపడుతూనే ఉంటాయి.

పోయిన వారం టైర్ల కొట్టు బావాబావమరుదులు వచ్చారు. విడిపోతున్నారు. మిషన్లు పంచుకున్నారు, గోడౌను పంచుకున్నారు, చివరికి ఒక గోడ గడియారం దగ్గర ఆగిపోయారు. "నువ్వు తీస్కో." "నాకెందుకు, నువ్వే తీస్కో." "మీ అక్క కొన్నది కదా, నువ్వే పట్టుకుపో." "మా అక్క నీ పెళ్ళామే కదా!" ఇద్దరూ గొంతులు పెంచారు, ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడది మా ఆఫీసు గోడకి వేలాడుతోంది. కాస్త వెనకబడి నడుస్తుంది. ఆడిటరు గారు దాన్ని చూసి నన్ను తొందరగా వచ్చావని మెచ్చుకుంటారు.

భాగస్వాముల్లో ఒక్కరు నోటీసు ఇస్తే చాలు, కొట్టు రద్దైపోతుంది. నీకు ఈ సంగతి తెలుసో లేదో. ఆ నోటీసు నేను కళ్ళు మూసుకుని టైపు చెయ్యగలను. మొన్న పని లేనప్పుడు మన పేర్లు పెట్టి చేసి చూశాను. చూసి చింపేశాను. చింపేశానని నువ్వు మురిసిపోనక్కర్లేదు, తప్పులొచ్చాయి.

ఇంకో మాట. ఆ ఏడో షరతు రాసుకున్నప్పట్నుంచీ మన కొట్టులో ఎవరి నోటినుంచైనా "బాగుంది" అన్న మాట విన్నావా? కిందటేడు వానల్లో ఆ పెద్ద సోఫా అల్లాం, గుర్తుందా. రేడియోలో పాటలొస్తున్నాయి. నువ్వు పైన కూనిరాగం తీస్తుంటే నేను కింద మిగతాది అందుకున్నాను. ఆ రోజు నాకు ఎక్కడికీ పోవాలనిపించలేదు. నాకు! పని అయ్యాక బయటికి పాకి ఏమన్నాను? "మెడ పట్టేసింది." నువ్వేమన్నావు? "నాకు నడుం విరిగింది." ఆ రోజు మనకి తగువే లేదు. రేపెప్పుడో పనికొస్తుందని ఇద్దరం అలసట దాచిపెట్టుకున్నాం.

నేను ఇంకా అలిసిపోయే ఉన్నాను. కంపెనీ.

నీ ఆడపడుచు

*

కొట్టు
మధ్యాహ్నం

చెల్లికి,

మీ వదిన చెబుతుండగా రాస్తున్నాను.

పిచ్చుకా, చేతికి వార్నిష్ అంటుకుంది, అందుకని మీ అన్నయ్య చేత రాయిస్తున్నాను. ఇంట్లో వార్నిష్ అయిపోయి చాలా రోజులైంది కదా అని నేను అడిగాను. "మీరు రాయండి" అంది. రాస్తున్నాను.

నీకు ఒక సంగతి చెప్పాలి. నాటకాల హాలు వాళ్ళు వచ్చారు. పాత హాలు బాగు చేయిస్తున్నారు. ముందు వరసల కుర్చీలన్నీ పేమువే, అన్నీ చిరిగిపోయి ఉన్నాయి. చెయ్యగలరా అన్నారు. చేస్తాం అన్నాను. సంతకం పెట్టాను. నేను పెడితే నువ్వు పెట్టినట్టే అని నువ్వే రాశావు కదా, అందుకని నీ తరఫున కూడా చాలా ధైర్యంగా పెట్టాను. చలికాలం పోయేలోపల ఇవ్వాలి. ఇవ్వలేకపోతే నష్టపరిహారం కట్టాలి.

ఇక్కడ ఆపి, "నష్టపరిహారం మాట కొట్టెయ్యండి" అంది. కొట్టేస్తే పక్కన పొట్టి సంతకం పెట్టాలి, లేకపోతే దిద్దుబాటు చెల్లదు అన్నాను. "అయితే ఉండనివ్వండి" అంది.

ఎందుకు ఒప్పుకున్నానని అరుస్తావు. ఇంత పని చేతిలో ఉందని తెలిస్తే షోరూమాయన మన జోలికి రాడు. కొట్టు తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. నీ వాటా నీకు ఊరికే కూచున్న చోటికి వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

"చేతులు తిమ్మిరెక్కి పేము పట్టు చిక్కట్లేదని మాత్రం రాయకండి" అంది. "డాక్టరు అల్లిక మానెయ్యమన్నాడని రాయకండి. అది చదివిందంటే ఉద్యోగం అక్కడ పారేసి వచ్చేస్తుంది. పర్మనెంటు చేసే టైము" అంది. "జాలిపడి వచ్చి కుర్చీ కింద కూచుంటే ఆ కుర్చీలో నేను పేము దూర్చలేను" అంది. కొంచెం సేపయ్యాక, "ఇవన్నీ రాస్తున్నారా ఏంటి కొంపదీసి?" అంది. వంటగదిలోంచి పాలు మాడిన వాసన వచ్చింది. లోపలికి వెళ్ళింది.

తిరిగి వచ్చి, "అంతా క్షేమం అని రాసి ముగించండి" అంది.

అంతా క్షేమం.

చదివి వినిపించమని ఆమె నన్ను అడగలేదు.

అన్నయ్య

*

నా గది
చలి మొదలైంది

వదినా,

హాలు పని దొరికినందుకు సంతోషం. నేను అరవడం లేదు. నువ్వు పెడితే నేను పెట్టినట్టే.

ఇక్కడ నాకు బాగానే ఉంది. బస్సులో సీటు దొరుకుతోంది. ఆడిటరు గారు మెత్తటి కుర్చీ ఒకటి వేయించారు, అటూ ఇటూ తిరుగుతుంది కూడా. ఆఫీసులో అందరూ మంచివాళ్ళే. అన్నం వేళకి తింటున్నాను. కిటికీ ఎదురుగా ఉన్న గోడకి సున్నం వేశారు, గదిలోకి వెలుగు వస్తోంది.

నిజం చెప్పాలంటే నాకు ఏ మాత్రం అలసటగా లేదు. మొదట్లో కొత్త కాబట్టి అట్లా అనిపించి ఉంటుంది. కాబట్టి షరతు ప్రకారం మాట నీదే. కొట్టు ఏం చేద్దామంటే అది చేద్దాం. నువ్వు చెప్పు.

వార్నిష్‌తో జాగ్రత్త.

నీ ఆడపడుచు

*

కొట్టు, ముందు గది

పిచ్చుకా,

నా రాత చూసి ఏమీ అనుకోకు. బల్ల ఊగుతోంది. మీ అన్నయ్యని కింద అట్టముక్క పెట్టమన్నాను, ఏ కాలి కిందో తేల్చుకుంటున్నారు.

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. మనం కొట్టు పెట్టినప్పట్నుంచీ నువ్వు అలిసిపోలేదని అనడం నేను ఎరగను. జ్వరమొచ్చినట్టుంది నీకు. లేకపోతే ఎవరో ఏదో చెప్పి ఉండాలి. ఎవరని అడగను.

నేను కూడా అలిసిపోలేదు. ఇంత తాజాగా ఎప్పుడూ లేను. హాలు కుర్చీలు చకచకా అవుతున్నాయి. పొద్దున లేస్తే ఎప్పుడు కూచుందామా అనిపిస్తోంది.

నీ అద్దం పగిలింది. తీస్తుంటే చేతిలోంచి జారింది. కొత్తది కొనిస్తాను.

ఇద్దరమూ అలిసిపోలేదు కాబట్టి తగువు లేకుండా ఒక పని చేద్దాం. ఒక్కళ్ళైతే సొంత వ్యాపారం, పల్చటి ఫైలు అని రాశావు చూడు, ఆ పల్చటి ఫైలు తయారు చేసి పంపు. భాగస్వామ్యం రద్దు చేసేద్దాం. కొట్టు నా ఒక్కదాని పేరున ఉంటుంది. ఏం వచ్చినా నాకే వస్తుంది. నీ జీతం వైపు ఎవరూ చూడరు. నువ్వు హాయిగా పర్మనెంటు చేయించుకో, తిరిగే కుర్చీలో తిరుగు. నేను నిన్ను వెళ్ళగొడుతున్నానని మాత్రం అనుకోకు. మెడ మీంచి దించుతున్నాను.

టైపులో తప్పులు రాకుండా చూసుకో ఈసారి.

వదిన

*

ఆఫీసు, అందరూ వెళ్ళిపోయిన బల్ల
చలి

వదినా,

పల్చటి ఫైలు పంపడం లేదు. కారణాలు రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు ఆ హాలు వాళ్ళకి సంతకం పెట్టిన రోజున నేను నీ భాగస్వామిని. ఈ రోజు నువ్వు నన్ను వదిలేసినా ఆ కుర్చీలు నన్ను వదలవు. అప్పటిదాకా అయిన బాధ్యతలు పాత భాగస్వామి వెంట వస్తూనే ఉంటాయి. ఇది నా మంచితనం కాదు, చట్టం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే జనానికి చెప్తుంటాను. నా మెడ మీంచి దించుదామనుకున్నావు గానీ, నీకు ఆ అధికారం లేదు.

ఇంకొకటి. నాకు తెలుసు. అన్నయ్య చేత రాయించినప్పట్నుంచీ తెలుసు. అన్నయ్యని ఏమీ అనకు. "రాయకండి" అని చెప్పడానికి లోకంలో నీకు ఆ ఒక్క మనిషే దొరికాడా? డాక్టరు మాట, తిమ్మిరి మాట, జాలి మాట అన్నీ చక్కని దస్తూరీలో వచ్చాయి. చదివి నువ్వు గెలిచావని ఒప్పేసుకుందామనుకున్నాను. అందుకే అలిసిపోలేదని అబద్ధం రాశాను. గోడకి సున్నం వెయ్యలేదు. తిరిగే కుర్చీ ఉంది గానీ, అది ఆడిటరు గారిది. ఏం లాభం? నా ఉత్తరం చూసి నువ్వూ అదే అబద్ధం రాశావు. ఇన్నేళ్ళూ నేను అలిసిపోయానంటే నేనని కొట్టుకున్నాం, ఇప్పుడు నేను కాదంటే నేను కాదని కొట్టుకుంటున్నాం. ఇద్దరూ అలిసిపోకపోతే మాట ఎవరిదని ఆ టైపు చేసినాయన అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే ఇంటికి పోయేవాళ్ళం.

ఈ బల్ల దగ్గర కూచుంటే ఆ బావాబావమరుదుల గడియారం కనపడుతుంది. "నువ్వు తీస్కో, నువ్వు తీస్కో" అనుకుంటూ చివరికి దాన్ని పరాయివాళ్ళ గోడకి వదిలేసి పోయారు. వాళ్ళు ఒకరి మీద ఒకరు కోపంతో వదిలేశారని అనుకున్నాను. కాదు. అడగడం చాతకాక వదిలేశారు.

నా సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. పర్మనెంటు కాయితం వచ్చింది. సంతకం పెట్టకుండా సొరుగులో పెట్టాను. ఆడిటరు గారు రోజూ "ఏమ్మా?" అంటారు, నేను రోజూ "ఆఁ సార్" అంటాను. అది నీ కోసం ఆపానని అనుకోకు. నా తీరు నీకు తెలుసు. కొట్టులో ఉన్నప్పుడు ఎప్పుడెప్పుడు పోదామా అనుకునేదాన్ని, ఇక్కడికొచ్చాక ఇక్కణ్ణుంచి ఎప్పుడు పోదామా అనుకుంటున్నాను. నువ్వు నాకు పిచ్చుక అని ఊరికే పేరు పెట్టలేదు. రేపు నేను వచ్చినా, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎటో చూస్తానేమో. కాబట్టి త్యాగం, జాలి లాంటి పెద్ద మాటలు మన మధ్య వద్దు. ఒక్కటి మాత్రం చెప్పగలను. కుర్చీ కింద కూచుని, బెజ్జంలోంచి నువ్వు పంపే పేము చివర ఎప్పుడు కనపడుతుందా అని చూసేదాన్ని చూడు, అప్పుడు మాత్రం నాకు ఇంకో చోటు గుర్తొచ్చేది కాదు.

అల్లిక నేను పైన కూచుని కూడా చెయ్యగలను. నువ్వు పక్కన కూచుని తప్పులు పట్టు, ఆ పని నీకు చేతులు లేకపోయినా వచ్చు. హాలు వాళ్ళని ఇంకొంచెం గడువు అడుగుదాం. లేదూ, షోరూమాయన కంపెనీయే నయమంటావా, రేపే ఆయనతో మాట్లాడతాను. అదీ కాదు, నువ్వు ఒక్కదానివే ఉంటానంటావా, చట్టం ఎట్లా ఉన్నా ఆ కాయితం కూడా పంపిస్తాను, గోడకి అతికించి పెట్టుకో. మూడింట్లో ఏది చెప్పినా మారుమాట్లాడను.

కానీ ఏడో షరతు ప్రకారం చెప్పు. నిజంగా అలిసిపోయినవాళ్ళే చెప్పాలి. నా వంతు నేను ముందే రాసేస్తున్నాను: నేను అలిసిపోయాను వదినా. కానీ నీ అంత కాదు.

ఇది రాయడం ఎంత కష్టంగా ఉందో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ ఆడపడుచు

*

కొట్టు
సాయంత్రం

చెల్లికి,

మీ వదిన చెబుతుండగా రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివింది. మడిచింది. మళ్ళీ విప్పి చదివింది. నన్ను పిలిచి కాయితం తీసుకోమంది. రాయడం మొదలు పెట్టకముందు, "ఆ రోజు మీరు అన్నీ రాశారా?" అంది. రాశానన్నాను. "మీకు ఒక మాట చెప్పడం కంటే సందు చివర మైకు పెట్టుకోవడం నయం" అంది. అది కూడా రాయనా అన్నాను. "మీ ఇష్టం" అంది. రాశాను.

"హాలు కుర్చీలు చకచకా అవుతున్నాయన్నది అబద్ధమని రాయండి" అంది. నాలుగు అయ్యాయి. ఐదోది విప్పుతోంది.

"ఆ షోరూమాయన కంపెనీ వద్దు" అంది.

"ఒక్కదాని పేరు మీద కాయితం కూడా వద్దు" అంది.

ఐదో కుర్చీ చట్రం మీద చెయ్యి పెట్టుకుని కూచుంది. వేళ్ళు ముడవడానికి చూసింది. ముడుచుకోలేదు. తొట్టిలో పేము నానుతోంది. ఆమె ఏమీ అనలేదని రాస్తున్నాను.

"అలిసిపోయానని రాయండి" అంది.

షరతులో 'ఎక్కువ' అన్న మాట ఉంది కాబట్టి, ఎక్కువా అని అడిగాను.

"చూస్తే తెలియడం లేదా మీకు?" అంది.

పెన్ను కింద పెట్టి చూశాను. తెలిసింది.

ఇంకేమైనా రాయాలా అని అడిగాను.

"రమ్మని మాత్రం రాయకండి" అంది.

రాశాను.

అన్నయ్య